తూలే అడుగుకు చూపు ఊతం

తెర మీద కదిలే చుక్కను చూస్తూ, ఒంటి బరువును అటూ ఇటూ మార్చుకుంటూ వృద్ధులు నిలకడ సాధించే అభ్యాసాన్ని విజువల్ ఫీడ్‌బ్యాక్ శిక్షణ అంటారు. మనిషి కదలికను అప్పటికప్పుడు అతని కంటికే చూపించి, అతని చేతనే సరిదిద్దించడం ఇందులోని కీలకం. ఇది కంప్యూటర్‌తోపాటు పుట్టిన పద్ధతని అనుకోవడం పరిపాటే గాని, దీని మూలాలు 19వ శతాబ్దపు ఐరోపాలో ఉన్నాయి.

సిఫిలిస్ ముదిరి వెన్నుపాము దెబ్బతిన్న రోగి పాదాలు జోడించి నిలబడి కళ్లు మూసుకుంటే తూలిపోతాడని బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రాంబర్గ్ 1840ల్లో వర్ణించాడు. కాళ్లు ఎక్కడున్నాయో కీళ్లు, కండరాలు మెదడుకు తెలపలేనప్పుడు ఆ లోటును చూపే పూడుస్తుందన్నది ఇందులోని మర్మం. రాంబర్గ్‌కు ఇది వ్యాధిని గుర్తుపట్టే లక్షణం మాత్రమే కాగా, స్విట్జర్లాండ్‌లోని హైడెన్‌లో వైద్యం చేసిన హైన్‌రిష్ ఫ్రెంకెల్ 1890 ప్రాంతంలో చూపునే చికిత్సకు ఆధారం చేసుకున్నాడు. ఆయన పేరుతో స్థిరపడిన వ్యాయామాల్లో, పడుకున్న రోగికి తన కాళ్లు తనకే కనిపించేలా తలవైపు ఎత్తు పెట్టి, మడమను పరుపు మీద మెల్లగా జరిపిస్తారు. ఆపై కూర్చోబెట్టి, నిలబెట్టి, చివరకు నేల మీద గీసిన గుర్తులపై గురి తప్పకుండా అడుగు వేయిస్తారు. బలం పెంచడం కాదు, కదలికకు కచ్చితత్వం తేవడమే వీటి లక్ష్యం. భారతదేశంలోని ఫిజియోథెరపీ విద్యార్థులు నేటికీ ఇవి నేర్చుకుంటారు.

1980ల్లో అమెరికాలో లూయిస్ నాష్నర్ స్థాపించిన న్యూరోకామ్ సంస్థ నేల మీది ఈ గుర్తులను తెర మీదికి ఎక్కించింది. ఫోర్స్ ప్లేట్, అంటే పాదాలు మోపే ఒత్తిడిని కొలిచే పలక, శరీరభారం ఎటు ఒరుగుతున్నదో లెక్కించగా, అది తెరపై చుక్కగా కనిపిస్తుంది. 2007లో జపాన్‌లో విడుదలైన వీ ఫిట్ అనే వీడియో గేమ్‌తో వచ్చే బల్ల రూపంలో ఇలాంటి పలక ఇళ్లలోకీ వచ్చింది.

అయితే అట్లాంటాలో 70 ఏళ్లు పైబడిన 200 మందిపై జరిగి, 1996లో వెలువడిన అధ్యయనం యంత్రానికి అంత అనుకూలంగా రాలేదు. కంప్యూటర్ శిక్షణ పొందినవారికి పలక మీద ఊగిసలాట తగ్గినా పడిపోవడం తగ్గలేదు. ఏ యంత్రమూ లేని చైనా వ్యాయామం తాయ్ చీ నేర్చినవారిలో మాత్రం పలుమార్లు పడే ముప్పు 47.5 శాతం తగ్గింది. పెద్దలు పడేది ఎక్కువగా నడుస్తూ, తిరుగుతూ, లేస్తూ ఉన్నప్పుడు గనుక, పాదాలు కదపకుండా చుక్కను వెంబడించే సాధన కంటే గుర్తుల మీద అడుగు వేయించిన ఫ్రెంకెల్ పద్ధతే వారి అవసరానికి దగ్గరగా ఉన్నదని చెప్పాలి.