మిగిలిన ఒకటి ఎటు పోవాలి?

ఏడుని రెండుతో భాగిస్తే భాగఫలం 3, శేషం 1. బడిపిల్లలు కూడా ఠక్కున చెప్పే లెక్క. ఆ ఏడు ముందు ఒక మైనస్ గుర్తు పెట్టి చూడండి. వచ్చేది మైనస్ మూడున్నర. పూర్ణాంకమే కావాలంటే -3 అనాలా, -4 అనాలా? ఈ చిన్న ప్రశ్న దగ్గర కంప్యూటర్లు ఇవాళ్టికీ ఒక మాట మీదికి రాలేదు.

మొదటి జవాబు యంత్రం పొందికను బట్టి వచ్చింది. 1957లో ఐబీఎం తన 704 కంప్యూటర్ కోసం ఫోర్‌ట్రాన్ భాషను తెచ్చింది. ఆ యంత్రం ప్రతి సంఖ్యకూ గుర్తును వేరుగా, విలువను వేరుగా దాచేది. విలువలను భాగించి, మిగిలింది వదిలేసి, చివర్లో గుర్తు తగిలించడం దానికి సుళువు. కాబట్టి జవాబు -3. అంటే సున్నా వైపుకి కోసెయ్యడం.

తర్వాత వచ్చిన చాలా యంత్రాలు రుణ సంఖ్యలను టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో రాశాయి. అందులో బిట్లన్నిటినీ ఒక స్థానం కుడికి జరిపితే రెండుతో భాగించినట్టే లెక్క, పని కూడా భాగహారం కన్నా త్వరగా తెములుతుంది. ఈ అడ్డదారి ప్రోగ్రామర్లకు తెగ నచ్చింది. అయితే -7ను అలా జరిపితే -4 వస్తుంది. ఈ రెండు పద్ధతులూ ఒకటేననుకుంటే దెబ్బతింటారని కంప్యూటర్ శాస్త్రవేత్త గై స్టీల్ 1977లో ఒక వ్యాసం రాసి మరీ హెచ్చరించాడు.

1982లో హ్యూలెట్-ప్యాకార్డ్ విడుదల చేసిన హెచ్‌పీ-16సీ అనే క్యాలిక్యులేటర్ ఈ తేడాను అరచేతిలో చూపించింది. ప్రోగ్రామర్ల కోసమే చేసిన యంత్రమది. 1 నుంచి 64 బిట్ల వరకు ఎంత పొడవు కావాలంటే అంత పెట్టుకోవచ్చు. -7 కొట్టి, ఎంటర్ నొక్కి, 2 కొట్టి, భాగహారం మీట నొక్కితే -3 వస్తుంది. అదే -7ను అంకగణిత షిఫ్ట్ మీటతో కుడికి జరిపితే -4. రెండుసార్లూ తెరమీద చిన్న ‘సి’ అక్షరం వెలుగుతుంది. క్యారీ అన్నమాట. భాగహారంలో అది వెలిగిందంటే శేషం మిగిలిందని అర్థం. శేషమెంతో కావాలంటే దానికి వేరే మీట ఉంది. -7కు అది -1 చూపిస్తుంది. ఏదో పారేసిన సంగతి దాచకపోవడమే ఆ యంత్రం గొప్ప.

చెప్పకుండా పారేస్తే ఏమవుతుందో సరిగ్గా ఆ రోజుల్లోనే కెనడాలో తేలింది. వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజీ 1982 జనవరిలో 1000 పాయింట్లతో ఒక సూచీ మొదలుపెట్టింది. లెక్కకట్టిన ప్రతిసారీ మూడో దశాంశం తర్వాత వచ్చే అంకెలను కంప్యూటర్ కోసేసేది. రోజుకు వేలసార్లు ఇదే తంతు. 1983 నవంబరు నాటికి సూచీ 520 దగ్గరికి దిగజారింది. సరిచేసి చూస్తే ఉండాల్సింది దాదాపు 1099!

దశాంశాల పేచీని 1985లో ఐఈఈఈ 754 ప్రమాణం చాలావరకు తీర్చింది. దాని వెనకున్న ముఖ్యుడు విలియం కాహన్, హ్యూలెట్-ప్యాకార్డ్ క్యాలిక్యులేటర్ల లెక్కలకూ సలహాలిచ్చినవాడే. సున్నా వైపు, పైకి, కిందికి, దగ్గరి సంఖ్యకు అని నాలుగు దారులు పెట్టారు. మామూలుగా వాడేది చివరిది. సరిగ్గా మధ్యలో ఉంటే సరి సంఖ్య వైపు వెళ్లాలి: రెండున్నర 2 అవుతుంది, మూడున్నర 4 అవుతుంది. ఎప్పుడూ ఒకే పక్కకు ఒరిగిపోకుండా ఈ ఏర్పాటు. జవాబు కచ్చితం కాకపోతే ఆ సంగతి తెలిపే ఫ్లాగ్ కూడా పెట్టారు.

పూర్ణాంకాల గొడవ మాత్రం తెగలేదు. సి భాష మొదట్లో ఈ నిర్ణయాన్ని కంపైలర్లకే వదిలేసి, 1999 ప్రమాణంలో ఫోర్‌ట్రాన్ దారి పట్టి -3 అంది. పైథాన్ భాషను సృష్టించిన గిడో వాన్ రోసమ్ దానికి -4నే ఎంచుకున్నాడు. ఆయన పక్షాన న్యాయముంది. రెండు గంటలకు అయిదు గంటల ముందు ఎంత? 2 లోంచి 5 తీసేసి, వచ్చిన -3ను 12తో భాగిస్తే పైథాన్ శేషం 9 అంటుంది. గడియారం కూడా అదే అంటుంది. సి మాత్రం -3 అంటుంది.

రెండూ తప్పు కావు, రెండూ ఒప్పందాలే. కానీ ఇవాళ ఈ రెండు భాషలూ శేషాన్ని పారేసేటప్పుడు ఆ క్యాలిక్యులేటర్ తెరమీది ‘సి’ అక్షరం లాంటి హెచ్చరిక ఏదీ ఇవ్వవు. కాబట్టి కొత్త భాష గానీ క్యాలిక్యులేటర్ గానీ చేతికొస్తే ముందు -7ను 2తో భాగించి చూడండి. అసలు లెక్కలు ఆ తర్వాతే అప్పగించండి.