ఆర్సు గ్రామ దేవాలయము



గ్రామములోని గుడి చరిత్ర యనగానే కట్టించిన ప్రభువెవరు, శాసనమెక్కడ నున్నదని వెదకుట మనకు అలవాటు. నేను చెప్పబోవు దేవాలయమును ప్రసిద్ధికి తెచ్చినవాడు ప్రభువు కాడు, ఒక రైతుబిడ్డ.

ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమునకు ఉత్తరముగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున ఆర్సు అను పల్లె కలదు. ఆ సీమను దోంబ్ అందురు. బంకమట్టి నేల, ఎటు చూచినను చేపల చెరువులే. పల్లెలోని కతోలిక దేవాలయము పునీత సిక్స్తు పేర వెలసినది. దాని పాతగోడలు 12వ శతాబ్దమునాటివని చెప్పుదురు. ఫ్రెంచి విప్లవకాలమున దాని గంటగోపురమును పడగొట్టిరి; పూజలు నిలిచిపోయెను. విప్లవము చల్లారినను పల్లెవారిలో పూర్వపు భక్తి మరల కుదురుకొనలేదు.

అట్టి స్థితిలో, 1818 ఫిబ్రవరిలో, జాన్ మరియ వియాన్నే అను గురువు అక్కడికి వచ్చెను. ఆయన 1786లో దార్డిల్లి గ్రామమున జన్మించెను. చిన్ననాట పొలము పనులే గాని చదువు సాగలేదు. లాటిను భాష ఎంత వల్లించినను పట్టుబడలేదు. పరీక్షలలో తప్పి, ఎట్టకేలకు 1815లో గురుపట్టము పొందెను. ఆనాడు ఆర్సు జనసంఖ్య సుమారు 230. దానికి విచారణ యను హోదా సైతము 1821లో గాని దక్కలేదు.

ఆయన మొదట దేవాలయమును బాగుచేయించెను. 1820లో ఇటుకలతో గంటగోపురము లేచెను. తరువాత ప్రక్కలయందు చిన్న చిన్న అర్చనామందిరములు ఒక్కొక్కటిగా చేరెను. 1824లో ఆడపిల్లలకు జీతము లేని బడి పెట్టెను; అది క్రమముగా అనాథలకు ఆశ్రయమాయెను. ఒకమారు ఆ ఇంటి గాదె వట్టిపోగా, మరునాటికి గింజలతో నిండియుండెనని భక్తులు చెప్పుదురు. నాకు మాత్రము, ఆ పిల్లల తిండికై ఆయన ఊరూర యాచించుటయే అంతకన్న గొప్ప సంగతిగా తోచుచున్నది.

ఊరిలోని నాలుగు సారాయంగళ్లపై ఆయన పోరాడెను. అవి ఒకటొకటిగా మూతపడెను. నాట్యములను గూడ సహింపలేదు. ఈ విషయమున ఆయన పట్టుదల మితిమీరినదని నా అభిప్రాయము. పండుగనాటి ఆటపాటను పాపముగా నెంచుట పల్లెలో యువతకు కష్టమే. ఆయనను దూషించినవారు, అపనిందలు వేసినవారు లేకపోలేదు.

అయినను కాలక్రమమున ఆయన కీర్తి దూరదేశములకు ప్రాకెను. పాపసంకీర్తనము వినుటకై దినమునకు పదునారు గంటలకు మించి ఆయన ఆ చిన్న గదిలో కూర్చుండెడివాడు. ఏటేట వచ్చు యాత్రికులు వేలకొలది. లియాన్ రైలుస్టేషనులో ఆర్సు ప్రయాణమునకు ఎనిమిది దినములు చెల్లు టిక్కెట్లను ప్రత్యేకముగా అమ్మిరన్నచో ఆ జనసమ్మర్దమును ఊహించవచ్చును. వందల గడపలు లేని పల్లెకు ఇది వరమా, భారమా? పూటకూళ్లవారికి వరమే. గురువునకు మాత్రము ఊపిరి సలుపలేదు.

ఏకాంతమున తన ఆత్మకొరకు ఏడ్చుకొనవలెనని ఆయన కోరిక. 1843లో జబ్బుపడి లేచి స్వగ్రామమునకు పోయెను. జనము అక్కడికిని వెంబడించెను. 1853 సెప్టెంబరులో అర్ధరాత్రివేళ బయలుదేరెను. సంగతి పొక్కినది. ఎవరో దేవాలయపు గంట మ్రోగించిరి; నిద్రలేచిన పల్లెవారు దీపములు పట్టుకొని దారికి అడ్డము నిలిచిరి. ఆయన వెనుదిరిగి, దేవాలయములోనికి పోయి, మరల సంకీర్తనపీఠమున కూర్చుండెను. ఒకనాడు పూజ నిలిచిపోయిన ఊరే నాడు గురువును పోనీయలేదు.

1859 ఆగస్టు 4వ తేదీ తెల్లవారుజామున, 73వ యేట, ఆయన ఆర్సులోనే మరణించెను. అప్పటికి అక్కడ 41 సంవత్సరములు సేవచేసియుండెను. 1925లో పోపుగారు ఆయనను పునీతుడుగా ప్రకటించిరి. 1929లో విచారణగురువులందరికిని పాలకపునీతునిగా నిర్ణయించిరి.

1862లో పియేర్ బొస్సాన్ అను శిల్పి పథకము ననుసరించి క్రొత్త దేవాలయము మొదలయ్యెను. పాతదాని తూర్పుభాగము తీసివేసినను, నడుశాలను పడగొట్టక క్రొత్త కట్టడమునకు ముందు అట్లే అతికించి ఉంచిరి. ఆయన కట్టించిన ఇటుక గోపురము నేటికిని నిలిచియున్నది. యాత్రికుడు ఆ ఇరుకైన పాతశాలను దాటి పెద్ద గుమ్మటము క్రిందికి పోవును. అక్కడ పేటికలో వియాన్నే దేహము ఉంచబడియున్నది.