తొడ చరిచిన చేయి, చాప తట్టిన చేయి

"కింద పడినా మీసాలకు మట్టి అంటలేదు" అన్న సామెతను మనమందరమూ వాడుతూనే ఉంటాము. ఓడిపోయి కూడా ఒప్పుకోనివాని బింకానికి ఇది చురక. దీని పుట్టినిల్లు కుస్తీ గోదా అని వేరే చెప్పనక్కరలేదు. మట్టి, మీసము, పాటు మూడూ కలిసేది అక్కడే గదా! అయితే ఇందులోని అసలు చమత్కారము గోదా నియమము తెలిసినవారికే అందుతుంది. మన కుస్తీలో వీపు నేలకు ఆనితేనే ఓటమి. బోర్లా పడితే ఓటమి కాదు. బోర్లా పడినవాని మీసానికి మట్టి అంటుతుంది, వెల్లకిల పడినవాని మీసానికి అంటదు. అనగా ఆ పెద్దమనిషి పలికినది అక్షరాలా సత్యమే. మీసము శుభ్రముగా ఉండుటే ఆయన ఓడినాడనుటకు సాక్ష్యము!

మన భాషలో గోదానుండి నడిచివచ్చిన మాటలు ఎన్నో కలవు. "పైచేయి" సాధించుట, "పట్టువిడుపులు" తెలిసి మెలగుట, "చిత్తుగా" ఓడించుట (వెల్లకిల పడవేయుటను హిందీ, ఉర్దూ భాషలలో చిత్ అంటారు) అటువంటివే. "జెట్టి" అనగా మల్లుడు. "జగజ్జెట్టి" అన్న మాటను ఒకనాడు గౌరవముగా అన్నారేమో గాని, నేడు ఎక్కువగా ఎగతాళికే వాడుతున్నాము.

ఈ జెట్టి శబ్దము జ్యేష్ఠ శబ్దభవమని చెబుతారు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసములో మల్లవినోదమనే ప్రకరణము ఉన్నది. మల్లులలో తరగతులు, వారి ఆహారము, బరువులెత్తుట, నడక, ఈత, స్తంభముపై చేయు సాధన అన్నీ అందులో వివరముగా ఉన్నాయి. ఆ సోమేశ్వరుని కాలమున మా అనుమకొండను ఏలినవాడు ఆయన సామంతుడైన కాకతీయ రెండవ ప్రోలరాజు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశపు కులాలను గురించి ప్రచురించిన సంపుటాలలో జెట్టీలను తెలుగువారైన వృత్తిమల్లులుగా పేర్కొని, వారు ఒళ్లు మర్దించి, లేపనాలు రాసి నరాల నొప్పులు మాన్పుతారని వ్రాశాడు. కీలు తప్పించగల చేతికే కీలు సర్దుటా తెలిసి ఉంటుందన్నమాట. పట్టుతో పాటు విడుపు కూడా విద్యయే.

మన పురాణాలలో మాత్రము పట్టే గాని విడుపు కానరాదు. ఓరుగంటికి చేరువనున్న బమ్మెర పోతన గారి భాగవతము దశమస్కంధములో చాణూరముష్టికుల ఘట్టము తెలియనిదెవరికి? మేము బాలురము, సమానబలులతో ఆడుట న్యాయమని కృష్ణుడు అంటాడు. కువలయాపీడమును కూల్చినవాడు బాలుడేమిటని చాణూరుడు వాదిస్తాడు. ఇది సమయుద్ధము కాదు, అధర్మమని సభలోని స్త్రీలు వాపోతారు. పిదప చేతులతో చేతులు, మోకాళ్లతో మోకాళ్లు పెనవేసి, తిప్పుటలు, విసరుటలు, కౌగిలించి నొక్కుటలు, పడద్రోయుటలు వరుసగా వస్తాయి. చిన్నవాడు పెద్దవానిని పడవేయుటలోని వినోదమంతా అక్కడ ఉన్నది. కానీ చాణూరునికి "చాలు, ఓడితిని" అనే అవకాశము లేదు. జరాసంధునికీ లేదు. అక్కడ ఓటమిని ప్రకటించేది ప్రాణము పోవుటయే.

చరిత్రలోనికి వస్తే ఓటమిని ప్రకటించే అధికారము న్యాయనిర్ణేతకు, ప్రేక్షకులకు సంక్రమించింది. 1910 సెప్టెంబరు 10వ తేదీన లండనులో మన గామా పహిల్వానుకు, పోలండు మల్లుడు జిబిస్కోకు జరిగిన పోటీ ఇందుకు తార్కాణము. మొదటి నిమిషములోనే గామా అతనిని కింద పడవేశాడు. అంతట జిబిస్కో పరుపును కరచుకొని, వీపు ఆనకుండా సుమారు రెండున్నర గంటలు అట్లే ఉండిపోయాడు! పోటీ తేలలేదు. మన సామెత లెక్కన మీసమంతా మట్టి చేసుకొని ఓటమిని తప్పించుకున్న ఘనుడు ఆయన. తిరిగి 17వ తేదీన రమ్మంటే రానేలేదు. జాన్ బుల్ పట్టా గామాకు దక్కింది. 1928 జనవరిలో పటియాలాలో ఇద్దరూ మరల తలపడినప్పుడు గామా నిమిషము లోపుననే అతనిని చిత్తు చేశాడు. పదిహేడేండ్లకు పైగా వాయిదా పడిన ఓటమి ఒక్క నిమిషములో తీరిపోయింది.

ఇదే కాలములో భూగోళమునకు ఆవలివైపున మరొక విద్య పుట్టింది. 1882లో కానో జిగోరో జపానులో జూడోను స్థాపించాడు. ఆయన సంప్రదాయములో శిక్షణ పొందిన మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన మూలముగా గ్రేసీ కుటుంబమునకు అబ్బిన విద్యయే బ్రెజిలియన్ జుజిత్సు. ఇందులో వీపు నేలకు ఆనుట ఓటమి కాదు; వెల్లకిల పడిన పిదపనే అసలు పోరు మొదలయ్యేది. కీలు మెలిపడినా, మెడకు ఉచ్చు బిగిసినా, పట్టుబడినవాడు తన చేతితో చాపనో ఎదుటివానినో రెండుమూడు మార్లు తడతాడు. తట్టిన మరుక్షణమే ఎదుటివాడు విడవాలి. న్యాయనిర్ణేత పక్కనే ఉన్నా, ఓడితినని మొదట చెప్పేది ఓడినవాడే.

మా మనుమడు హైదరాబాదులో ఉద్యోగము చేస్తూ సాయంకాలాలు ఈ విద్య నేర్చుకుంటున్నాడు. మనిషి తొంబది కిలోలకు తక్కువ లేడు. మొదటినాడు తనలో సగముండే ఒక అమ్మాయితో సాధన చేయమన్నారట. నొప్పి కలిగిస్తానేమోనని వీడు సంకోచించాడు. అయిదు నిమిషాలలో నాలుగుమార్లు చాప తట్టినవాడు వీడే! అయిదవమారు రెండు చేతులూ చిక్కుపడి, తట్టుటకు వీలు లేక "అమ్మో!" అని అరిచాడట. ఆ పిల్ల వెంటనే వదిలివేసింది. "కేక వేసినా తట్టినట్టే లెక్క" అని గురువుగారు నియమము వివరించారట. "తాతా, అమ్మను తలచుకొంటే నిజంగానే కాపాడింది" అని వాడు చెబితే ఇల్లంతా నవ్వులే. వారములో మూడునాళ్లు ఓడి వచ్చి, ఆ ఓటములు చెప్పి మమ్ములను నవ్విస్తాడు. మరునాడు మరల పోతాడు.

అయితే ఈ విద్య పెద్దలు కూడా తట్టుటకు ఇచ్చగించని ఘట్టము ఒకటున్నది. 1951 అక్టోబరు 23వ తేదీన రియో డి జనీరోలోని మరకానా క్రీడాంగణములో హేలియో గ్రేసీ, జపాను జూడో వీరుడు కిమురా మసాహికోను ఎదిరించాడు. కిమురా భుజము మెలిపెట్టి చేయి విరిచినా హేలియో తట్టలేదు. చివరకు అన్న కార్లోస్ తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. పిదప జరిగినదే నాకు మిక్కిలి ఇష్టము. తమను ఓడించిన ఆ పట్టుకు ఆ విద్యలో "కిమురా" అనే పేరు నిలిచిపోయింది. నేడు ప్రపంచమంతటా ఆ విద్య నేర్చే పిల్లలు తమ పెద్దాయనను ఓడించినవాని పేరుతోనే ఆ పట్టు నేర్చుకుంటున్నారు. ఓటమికి ఇంతకంటే మర్యాద మరొకటి ఉన్నదా?

గోదాలో దిగే మన మల్లుడు తొడ చరుస్తాడు. మన కావ్యాలు, నాటకాలు, సినిమాలు ఆ శబ్దాన్ని కొనియాడాయి. చాప తట్టే శబ్దానికి మన సాహిత్యములో చోటు లేదు. రెండూ చేయి చేసే చప్పుళ్లే. ఒకటి రమ్మని, మరొకటి చాలని. బడిలో మేము పిల్లలకు నేర్పినదీ మొదటిదే. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన పిదప మన తెలంగాణలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాలలో దొర్లిన పొరపాట్లపై రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది; ఆ బాధ్యత పిల్లలది కానే కాదు. నా వేదన వేరు. అంతమంది పిల్లలకు "చాలు, నొప్పిగా ఉన్నది" అని తట్టుటకు ఒక చాప లేకపోయింది. తట్టిన చప్పుడు విని పట్టు సడలించే చేయీ లేకపోయింది. మార్కులు, ర్యాంకులు, బంధువుల ప్రశ్నలు అన్నీ పట్టులే, విడుపు ఏదీ?

తట్టుట ఒక్కటే నేర్పితే చాలదు, తట్టగానే విడుచుట కూడా నేర్పాలి. ఆ అమ్మాయి "అమ్మో" వినగానే వదిలినది చూడండి, విద్యలో సగము అదే. తట్టినవాడు మరునాడు మరల వస్తాడని నమ్మకము ఉన్నచోటనే పట్టు కూడా ధైర్యముగా పట్టవచ్చును.

మన ఊళ్లలోని పాత తాలీంఖానాలలో ఓడినవానిని ఎట్లా ఆదరించేవారో, గెలిచినవాడు చేయి అందించి లేపే ఆచారమేదైనా ఉండేదో, మీ తాతతండ్రుల నోట విన్న మిత్రులు తెలియజేయగోరుతాను. తొడ చరిచిన కథలు మన దగ్గర చాలినన్ని ఉన్నాయి. నాకు కావలసినవి రెండవ రకము కథలు.