ఆగి ఆగి నడచు యంత్రము

శ్రోతలారా! చరిత్ర యనగానే మనకు రాజులును, కోటలును, యుద్ధములును జ్ఞప్తికి వచ్చుట సహజము. నేను ఈ దినము చెప్పబోవు చరిత్ర యట్టిది కాదు. ఇది కంప్యూటరు తడబాటు చరిత్ర. ఇంటిలో పిల్లలు ఆటలాడుకొను కంప్యూటరు పరుగెత్తుచు పరుగెత్తుచు ఏల తొట్రుపడును? ఏల హఠాత్తుగా రాయివలె బిగిసి, మరల కదలును? ఈ ప్రశ్న అల్పముగా తోచవచ్చును గాని, దీని వేళ్లు ముప్పాతిక శతాబ్దము లోతునకు దిగియున్నవి. ఆ చరిత్ర తెలిసియుండుట చేతనే మా యింట ఒక పెద్ద నష్టము తప్పినది.

హైదరాబాదు తూర్పు భాగమున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు అను పేటలు గలవు. మొదటిది దిల్‌సుఖ్ రామ్ అను జాగీర్దారు పేరు మీద వెలసినది. రెండవది లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు ధరించినది. 2007లో ఎల్.బి.నగరు పురపాలకసంఘము మహానగరములో కలిసెను. 2018లో మెట్రోరైలు అంతవరకు వచ్చెను. నేను ఎల్.బి.నగరు వాసిని. మా అన్నగారి కుటుంబము దిల్‌సుఖ్‌నగరులో నున్నది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటినచో మూడవ స్టేషనే వారిది.

ఒక మే మాసమున మా అన్నగారి కుమారుడు నాకు ఫోను చేసి, "బాబాయీ, నా కంప్యూటరు చెడినది, ఆట నడుమ మాటిమాటికి ఆగిపోవుచున్నది. దుకాణమువారు గ్రాఫిక్సు కార్డు పోయినది, క్రొత్తది కొనవలెను, 40,000 రూపాయలు అగునని చెప్పినారు" అనెను. వాడు చిన్నపిల్లలకు ట్యూషనులు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో ఆ యంత్రమును కూర్పించుకొన్నాడు. ఆ మాట చెప్పునప్పుడు వాని గొంతు వణకెను. "రెండు వారములు ఆగుము, ఏమియు కొనవద్దు" అని చెప్పి బయలుదేరితిని.

ఇక చరిత్రలోనికి వచ్చెదను. 1947 సెప్టెంబరు 9వ తేదీన, అమెరికాలో హార్వర్డు మార్క్ టూ అను కంప్యూటరు సరిగా పనిచేయలేదు. వెదకగా, ఒక రిలే నడుమ చిమ్మటపురుగు చిక్కుకొని యుండెను. ఆ పురుగును దినచర్య పుస్తకములో అంటించి, ఎప్పుడు, ఎక్కడ దొరికినదో వ్రాసియుంచిరి. యంత్రదోషమును పురుగు అనుట అంతకు ముందే యుండెను. 1878లోనే ఎడిసన్ తన లేఖలో ఆ మాట వాడియున్నాడు. మనము గ్రహింపవలసినది పురుగును గాదు, ఆ పుస్తకమును. ఊహించుట గాక, చూచినదానిని చూచినట్లు వ్రాసికొనుటయే యంత్రవైద్యమునకు మొదటి పాఠము.

రెండవ పాఠము వేగభేదమును గూర్చినది. కంప్యూటరులో లెక్కచేయు భాగము మిక్కిలి చురుకైనది. సమాచారమును దాచు భాగము మందగమనము గలది. 1956లో ఐ.బి.యం. సంస్థవారు రామాక్ యంత్రముతోపాటు మొదటి డిస్కును వెలువరించిరి. ఇరువదినాలుగు అంగుళముల పళ్లెములు ఏబది ఒకదానిపై నొకటి గిరగిర తిరుగుచుండగా, అందులో ఏబది లక్షల అక్షరములు పట్టెడివి. 1962లో ఇంగ్లండు దేశపు మాంచెస్టరులో అట్లాస్ అను కంప్యూటరు ప్రారంభింపబడెను. దానికి చిన్నదియు వేగవంతమైనదియు నగు జ్ఞాపకశక్తి యొకటి, పెద్దదియు మందమైనదియు నగు డ్రమ్ము మరియొకటి. ఈ రెంటి నడుమ సమాచారమును పుటలు పుటలుగా యంత్రమే మోసికొని, రెండును ఒక్కటేయన్న భ్రాంతి కల్పించెను.

ఈ యేర్పాటు ఎంత గొప్పదో అంత ప్రమాదకరము. వంటగదిలో ఒక చిన్న అలమర యున్నది. మిగిలిన దినుసులన్నియు అటకపై నున్నవనుకొనుడు. నాలుగు దినుసులతో అయ్యెడు వంటకు చిక్కులేదు. నలుబది దినుసులు కావలసివచ్చినచో ఇల్లాలు నిచ్చెన ఎక్కుట, దిగుట తప్ప వండుట యుండదు. 1968లో పీటర్ డెన్నింగ్ అను శాస్త్రజ్ఞుడు ఈ స్థితిని చక్కగా వివరించి, ప్రతి పనికిని ఆ క్షణమున తప్పనిసరియగు పుటలెన్నియో అన్నింటికి చోటు కల్పింపవలెనని సిద్ధాంతీకరించెను. నేటికిని జ్ఞాపకశక్తి చాలని కంప్యూటరులో ఆట తొట్రుపడుటకు ఇదియే కారణము.

ఈ చరిత్రలో మన నగరమునకును స్థానము గలదు. 1967లో ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థ హైదరాబాదులో నెలకొన్నది. దానిని తీర్చిదిద్దినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. 1969లో వెలువడిన టి.డి.సి.-12 అను స్వదేశీ కంప్యూటరు, ట్రాంబేలో రూపొంది, ఈ సంస్థ చేతులమీదుగా ఉత్పత్తియైనది. యంత్రమును కొనితెచ్చుకొనుటయే గాక విప్పి, కూర్చి, తప్పు పట్టి, దిద్దుకొను విద్య ఆ విధముగ మన యూరిలో పాదుకొనెను.

మూడవ పాఠము వేడిమిని గూర్చినది. 2001లో ఒక పత్రికవారు ఆట నడచుచుండగానే ప్రాసెసరుపై నుండి చల్లదనము నిచ్చు లోహఖండమును తొలగించి చూపిరి. ఒక సంస్థవారి ప్రాసెసరు పొగలు చిమ్మి మాడిపోయెను. పెంటియమ్ 4 మాత్రము ప్రాణరక్షణకై తన వేగమును తానే తగ్గించుకొని, ఆటను నత్తనడక నడపెను. నేటి ప్రాసెసరులన్నియు ఈ రెండవ మార్గమునే అవలంబించుచున్నవి. కావున వేసవిలో తడబడు యంత్రము చెడినదని అనరాదు. అది తన్ను తాను కాపాడుకొనుచున్నదేమో చూడవలెను.

నాలుగవది కొలతను గూర్చిన పాఠము. ఆట తెరపై సెకనునకు 60 బొమ్మలు వచ్చినచో ఒక్కొక్క బొమ్మకు సుమారు 16.7 మిల్లీసెకనులు పట్టును. కాని 59 బొమ్మలు పదేసి మిల్లీసెకనులలో వచ్చి, ఒక్క బొమ్మకు మాత్రము 410 మిల్లీసెకనులు పట్టినదనుకొనుడు. సగటు లెక్కలో అదియు సెకనునకు 60 బొమ్మలే! కంటికి మాత్రము యంత్రము తొట్రుపడినట్లే యుండును. 2011లో స్కాట్ వాసన్ అను పత్రికా రచయిత, సగటును విడిచి ఒక్కొక్క బొమ్మకు పట్టిన కాలమును కొలువవలెనని చాటి చెప్పెను. సగటు బాగున్నదని బాధపడువానిని నమ్మకుండుట తగదని దీని సారాంశము.

2022లో జరిగిన యొక సంగతి కూడ చెప్పి కథకు వచ్చెదను. ఏ.యం.డి. ప్రాసెసరులు గల కొన్ని కంప్యూటరులు విండోస్ 10, 11లలో అప్పుడప్పుడు కొంతసేపు తొట్రుపడుచుండెను. వాడుకరులు ఏ భాగమును మార్చినను ఫలము లేకుండెను. ఆ మార్చిలో సంస్థయే కారణమును ప్రకటించెను: రక్షణకై యుంచిన ఒక యేర్పాటు, మదర్‌బోర్డుపైనున్న చిన్న చిప్పుతో నడుమనడుమ దీర్ఘముగా సంభాషించుటయే ఆ తడబాటునకు మూలము. పిదప బయోసును సవరించిరి. దోషము మనము అనుమానించిన చోటనే యుండవలెనను నియమము లేదు గదా!

ఈ పాఠములను వెంటబెట్టుకొని నేను దిల్‌సుఖ్‌నగరు చేరితిని. ముందుగా ఒక నోటుపుస్తకము తెప్పించి, తడబాటు కలిగినప్పుడెల్ల వేళయు, గది వేడిమియు, ఆటలో ఏమి జరుగుచుండెనో, ఎన్ని సెకనులు ఆగెనో వ్రాయుమని పిల్లవానికి చెప్పితిని. ఒక పర్యాయమునకు ఒక్క మార్పే చేయవలెనని కట్టడి చేసితిని. అయిదు దినములకే పుస్తకము మాటలాడెను. మేము ఒకటే యనుకొన్న రోగము రెండు రోగములు!

మొదటిది చిన్న తొట్రుపాటు. ఆట మొదలైన ఇరువది నిమిషములకు వచ్చి, పిదప విడువక యుండెను. అప్పుడు ప్రాసెసరు వేడిమి నూరు డిగ్రీలను సమీపించుచుండెను. పెట్టె గోడకు ఆనియున్నది. ఫ్యానుల రెక్కలకు ధూళి పట్టియున్నది. ధూళి దులిపి, పెట్టెను జానెడు ముందునకు జరుపగానే అది శాంతించెను.

రెండవది బిగుసుకొనిపోవుట. దానికి వేడిమితో నిమిత్తము లేదు. ఆటలో క్రొత్త ప్రదేశమున ప్రవేశించినప్పుడు అయిదారు సెకనులు అంతయు స్తంభించును. డిస్కు దీపము ఆరక వెలుగును. ఆట యున్నది పాత హార్డుడిస్కుమీద. దానిని మా అన్నగారి పూర్వపు కంప్యూటరు నుండి తీసి ఇందులో అమర్చిరి. ఆటను క్రొత్త డిస్కునకు మార్చగా స్తంభనము పోయెను. పాత డిస్కు తన్ను గూర్చి తాను వ్రాసికొను ఆరోగ్య నివేదికను చూచితిమి. చదువ శక్యముగాని భాగముల సంఖ్య దినదినము పెరుగుచుండెను. అట్టి భాగము తగిలినప్పుడు డిస్కు పట్టువిడువక మరల మరల చదువ ప్రయత్నించును. అంతవరకు ఆట నిరీక్షించును. గ్రాఫిక్సు కార్డునకు ఏ రోగమును లేదు.

అప్పుడు నేను, "ఈ డిస్కులో మరి యేమున్నది?" అని అడిగితిని. మా వదినగారు గుమ్మమున నిలిచి, "మన ఫొటోలన్నియు అందులోనే యున్నవి; అత్తయ్యగారి హారతి పాటలు కూడ" అనిరి. మా అమ్మ 2019లో గతించినది. ఆమె కంఠము మరెక్కడను లేదు.

ఆ రాత్రి ఆటల మాట ఎవరును ఎత్తలేదు. ముందు పాటలు, పిదప ఫొటోలు, చివర మిగిలినవి అను వరుసలో ప్రతి తీసితిమి. తెల్లవారువరకు పట్టెను. నాలుగు పాటలలో మూడు దక్కెను. నాలుగవది సగమున ఆగిపోయి, ఎంత ప్రయత్నించినను రాలేదు. పది దినములకు ఆ డిస్కు పూర్తిగా మూగవోయెను. దుకాణమువారి మాట విని 40,000 రూపాయలు పోసి కార్డు మార్చియుండినచో, సొమ్మును పోయెడిది, మూడు పాటలును పోయెడివి.

శ్రోతలారా! యంత్రము తడబడినప్పుడు దానిపై కోపించుటయో, తోచిన భాగమును మార్చుటయో మన యలవాటు. తడబాటు ఒక్కొక్కప్పుడు యంత్రము చెప్పు హెచ్చరిక. మీ యింట కంప్యూటరు ఆగి ఆగి నడచుచున్నచో ముందుగా మీకు ప్రియమైనవానికి వేరొక చోట ప్రతి తీసి యుంచుడు. పిమ్మట ఒక నోటుపుస్తకము తెరచి తేదీ వేయుడు. కొనుటను గూర్చిన ఆలోచన అన్నిటికంటె చివరిది. మా పిల్లవాని నోటుపుస్తకము ఇప్పటికిని ఆ యంత్రము ప్రక్కనే యున్నది. దాని మొదటి పుటలో మూడు పాటల పేర్లును, సగమైన నాలుగవ పాట పేరును వాడే వ్రాసియుంచినాడు.