నక్కవాగు కాడ బతుకమ్మ

బతుకమ్మ అందరి పండుగని రాసేటోళ్లు, మా ఊర్ల దాన్ని ఎన్ని చోట్ల ఆడేదో రాయలేదు. ఊరోళ్లది గుడి ముంగట, మాది మాదిగవాడల. తంగేడు, గునుగు కోసుకొచ్చి వాళ్లకిచ్చేది మా అమ్మలే. వాళ్ల ఆటల మాత్రం చెయ్యి కలపనియ్యకపోయేది. చేదబాయి ముట్టనియ్యని ఆ ఊర్ల మమ్ముల కులమడగనిది నక్కవాగొక్కటే. సద్దుల నాడు మా బతుకమ్మ అండ్లనే పోయేది.

1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ మందుల, రసాయనాల కంపెనీలు లేచినయి. వాటి మురుగు వాగుల కలిసింది. 1990లో సుప్రీంకోర్టుల కేసు పడ్డది. ఊర్లకు తాగునీళ్లియ్యమని కోర్టు చెప్పాల్సొచ్చింది. (అంతకుముందు మేం చెప్తే ఎవలిన్నరు?) "విషంల తల్లినెట్లేస్తం బిడ్డా" అని ఒక ఏడు మా అమ్మ సిమెంటు తొట్టిల నీళ్లు పట్టింది.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగైంది. ఆ సద్దులకూ మా వాడోళ్లు తొట్టిలనే వేసిండ్రు.