ధర్మవరం–హిందూపురం దారిలో తీగ కాపలా

గుంతకల్లు నుంచి మైసూరు సంస్థానపు పొలిమేర దాకా సదరన్ మరాఠా రైల్వే 1892–93లో మీటర్‌గేజి మార్గాన్ని తెరిచినప్పుడు, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాలకు పట్టాలతో పాటు వాటి పక్కనే స్తంభాల మీద తంతి తీగ కూడా వచ్చింది. రైలు మార్గాల చరిత్ర చెప్పేటప్పుడు వంతెనలనూ ఇంజన్లనూ తలచుకుని తీగను వదిలేయడం వాడుకగా మారింది గాని, ఒంటి లైను మీద బండి నడవాలా వద్దా అన్నది తేల్చింది ఆ తీగే. ఎదురెదురుగా వచ్చే బళ్లకు ఒకటే పట్టా కాబట్టి, పెనుకొండలో ఉన్న బండి చాకర్లపల్లి వైపు కదలాలంటే మధ్యలో మరే బండీ లేదని అవతలి స్టేషను మాస్టరు ఒప్పుకోవాలి. రైల్వే వాళ్లు లైన్ క్లియర్ అనేది ఆ ఒప్పుదలనే.

మొదట్లో ఈ ఒప్పుదల మోర్సు తంతి మీద మాటల రూపంలో నడిచి, కాగితం మీద రాసిన చీటీగా డ్రైవరు చేతికి అందేది. తరువాతి కాలంలో దక్షిణాది మీటర్‌గేజి మార్గాలలో విరివిగా వాడిన నీల్ గోళ టోకెన్ యంత్రం ఆ మాటను ఇనుములోకి మార్చింది. పక్కపక్క స్టేషన్లలో ఉండే రెండు యంత్రాలను ఒక తీగ కలుపుతుంది. రెండింటి కడుపులోనూ ఉక్కు గుండ్లు ఉంటాయి. అవతలి మాస్టరు మీట నొక్కి పట్టుకుని కరెంటు పంపితేనే ఇవతలి యంత్రం ఒక గుండును వదులుతుంది, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో గుండు ఎటువైపూ రాదు. ఆ గుండును తోలు సంచిలో వేసి, సంచిని పెద్ద బెత్తపు వలయానికి కట్టి, ప్లాట్‌ఫారం అంచున నిలబడి పైకెత్తి పట్టుకుంటే, ఆగకుండా వెళ్లే ఇంజను నుంచి ఫైర్‌మన్ చెయ్యి చాచి వలయాన్ని భుజానికి తగిలించుకునేవాడు. తీగ తెగితే గుండు రాదు, గుండు లేనిదే బండి కదలదు. చెడిపోయినప్పుడు ప్రమాదం వైపు కాక ఆగిపోవడం వైపు మొగ్గే ఈ కట్టడి, రైల్వే ఇంజనీరింగు లోకానికి ఇచ్చిన గొప్ప ఆలోచనలలో ఒకటి.

అయితే తీగ బాగుందని తెలిసేది ఎలా? యంత్రం మీద గాల్వనోమీటరు అనే చిన్న గాజు కిటికీ ఉంటుంది. తీగలో కరెంటు పారితే అందులోని సూది పక్కకు ఒరుగుతుంది. తీగ పూర్తిగా తెగితే సూది కదలదు కాబట్టి ఆ లోపం వెంటనే దొరుకుతుంది. పింగాణీ కప్పు పగిలి తీగ ఇనుప స్తంభానికో తడి నేలకో తగిలినప్పుడే అసలు చిక్కు, ఎందుకంటే ఆ కాలపు తంతి భూమినే తిరుగు దారిగా వాడుకునేది. కరెంటు మధ్యలోనే నేలలోకి దిగిపోవడం వల్ల ఇవతలి సూది మామూలుకన్నా బలంగా ఒరుగుతుంది గాని, అవతలి స్టేషనులో గంట మోగదు. సూది చెప్పేది తన వరకు దారి బాగుందని మాత్రమే. అవతల మనిషి ఉన్నాడని చెప్పేది తిరిగి వచ్చే గంట మోత. ఈ రెండూ వేరువేరు సాక్ష్యాలని గుర్తించి, జవాబు గంట వినకుండా ఏ పనీ చేయరాదని నియమం పెట్టడంలోనే పాత రైల్వే వారి తెలివి కనిపిస్తుంది.

లోపం ఎక్కడుందో పట్టే పద్ధతి కూడా ఓపికతో కూడినదే. లైను పొడవునా ఒక్కొక్క స్టేషనునూ తీగను నేలకు కలపమని అడుగుతూ పోతారు. మక్కాజిపల్లి దాకా కరెంటు పారి పెనుకొండకు చేరకపోతే తెగిన చోటు ఆ రెంటి మధ్య ఉన్నట్టు, ఇక అక్కడికి లైన్‌మన్ నడవాల్సిందే. తంతి, టెలిఫోను, యంత్రాలు అన్నీ ఒకేసారి మూగబోయిన స్థితిని రైల్వే నియమాలు విడిగా గుర్తించాయి. అప్పుడు అధికార పత్రం రాసిచ్చి, ఒంటి ఇంజనునో ట్రాలీనో పగలు గంటకు 15 కిలోమీటర్లు, రాత్రి 10 కిలోమీటర్లు మించకుండా పక్క స్టేషనుకు పంపుతారు. తీగ మోయలేని మాటను మనిషి మోసుకెళ్తాడన్నమాట.

మార్గం బ్రాడ్‌గేజిగా మారడం, స్తంభాల తీగ పోయి భూమిలో కేబుళ్లు రావడం, చివరకు గాజు నారలో వెలుగుగా మాట ప్రయాణించే ఆప్టికల్ ఫైబర్ రావడం ఇటీవలి చరిత్ర. రైల్వే ఫైబర్‌ను నిర్వహించే రైల్‌టెల్ సంస్థ 2000 సెప్టెంబరులో ఏర్పడింది. అదే ఏడాది నవంబరులో పుట్టపర్తి దగ్గర శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషను తెరుచుకోవడంతో ధర్మవరం, పెనుకొండల మధ్య రెండో పట్టాదారి ఏర్పడింది. ఒక దారి మూసుకుపోతే మరొకటి ఉండాలన్న ఆ ఆలోచననే ఫైబర్ వలయాలు సెకనులో ఇరవయ్యో వంతు కాలంలో అమలు చేస్తాయి.

నేటి సర్వర్లలో, అంటే వేరే కంప్యూటర్లకు సేవలందించే యంత్రాలలో, నెట్‌వర్క్ కార్డు చేసేది గాల్వనోమీటరు పనే. 1990 నాటి టెన్ బేస్ టీ ఈథర్‌నెట్‌లో, చెప్పడానికి మాట ఏదీ లేకపోయినా సుమారు 16 మిల్లీసెకండ్లకు ఒకసారి తీగ మీద చిన్న మెరుపు పంపడం రివాజు. అది ఆగితే లింకు పడిపోయినట్టు లెక్క. లినక్స్ సర్వర్లలో రెండు కార్డులను జోడుగా కట్టి, ఒకటి పడిపోతే రెండో దాని మీదికి పని మళ్లించే బాండింగ్ ఏర్పాటులో, సాధారణంగా 100 మిల్లీసెకండ్లకు ఒకసారి ఈ లింకు పరీక్ష జరిగేలా పెడతారు. కాని కార్డు చూసేది పక్కనున్న స్విచ్‌ దాకా ఉన్న తీగనే. స్విచ్‌కు అవతల దారి తెగినా ఇవతల పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. నేలకు తగిలిన తీగ మీద బలంగా ఒరిగిన సూదికీ ఈ పచ్చదీపానికీ తేడా లేదు. అందుకే అదే ఏర్పాటులో, దూరపు చిరునామాను పిలిచి జవాబు కోసం వేచిచూసే ఏఆర్‌పీ పరీక్షను కూడా ఉంచారు, అది జవాబు గంట. మొదటి పరీక్షతోనే సరిపెట్టుకునే సర్వర్ గదులు, నూరేళ్ల కిందటి స్టేషను మాస్టరుకు కొలువు నేర్పిన మొదటి పాఠాన్ని వదులుకుంటున్నట్టే.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగను ఇళ్లకు తెచ్చే పథకం. ఇంట్లోని పెట్టె మీద ఎర్రదీపం వెలిగితే వెలుగు చేరడం లేదని అర్థం. తెగిన చోటు వెతకడానికి వచ్చిన మనిషి తీగలోకి కాంతి మెరుపు పంపి, తెగిన అంచు నుంచి అది తిరిగి వచ్చే కాలాన్ని కొలుస్తాడు. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి 100 మైక్రోసెకండ్లకు జవాబు వస్తే లోపం 10 కిలోమీటర్ల దూరాన ఉంది. దూరం తెర మీద కనిపించాక అతను బండెక్కి, స్తంభాల వరుస వెంట, తీగ మీదే కళ్లు పెట్టుకుని సాగిపోతాడు.