పెన్నీ వసూలుకు వెళ్లినవాళ్లు

మనిషి నడవడి మారడానికి మంచి ప్రసంగం ఒక్కటే చాలునా? జాన్ వెస్లీ ప్రసంగం వినడానికి వేలమంది పొలాల్లోకి, గనుల దగ్గరికి వచ్చేవారు. అయినా మెథడిస్టు సంఘాలను నిలబెట్టిన ఏర్పాటు ప్రసంగంలో పుట్టలేదు, అప్పులో పుట్టింది!

1742 ఫిబ్రవరిలో బ్రిస్టల్ పట్టణంలో మందిరం అప్పు ఎలా తీర్చాలని విశ్వాసులు కూర్చుని ఆలోచిస్తున్నారు. తలా ఒక పెన్నీ వారంవారం ఇద్దామని ఒకాయన అన్నాడు. మనలో చాలామంది బీదలు, అదీ ఇవ్వలేరని మాట వచ్చింది. అలాగైతే అందరిలోకీ బీదలైన పదకొండు మందిని నాకు అప్పగించండి, ప్రతి వారం నేనే వాళ్ల ఇళ్లకు వెళ్తాను, లేనివారి పెన్నీ నేనే వేస్తాను అన్నాడాయన. ఆయన పేరు కెప్టెన్ ఫోయ్. మిగతావారూ అలాగే పూనుకున్నారు.

మన సంఘాల్లో పిడికెడు బియ్యం ఎత్తే అక్కలకు తరువాతి సంగతి చెప్పనక్కరలేదు. గుమ్మంలో నిలబడితే ఇంటి సంగతి తెలుస్తుంది. ఎవరు తాగుతున్నారో, ఏ ఇంట్లో గొడవలో వసూలుకు వెళ్లినవాళ్ల కళ్లబడింది. వచ్చి వెస్లీతో చెప్పారు. ఇన్నాళ్లూ తాను వెదుకుతున్నది ఇదేనని ఆయనకు అర్థమైంది. ఇళ్లకు తిరగడానికి పొద్దు చాలక, కొందరు పనివాళ్లతో మాట్లాడడానికి యజమానులు ఒప్పుకోక, కొద్దికాలానికి పన్నెండేసి మంది వారానికొకసారి ఒకచోట కూడుకోవడం మొదలైంది. అదే క్లాసు.

నా మట్టుకు నాకు ఇందులో గొప్ప సంగతి నిఘా కాదు. "ఈ వారం ఎలా ఉన్నావు?" అని అడిగేవాడు నీ పెన్నీ తన జేబులోంచి వేసినవాడు. అలాంటివాడికి అబద్ధం చెప్పడం కష్టం. పోలీసుకు చెప్పడం చాలా తేలిక.

అయితే దీనికి కఠినమైన వైపూ ఉంది. 1743లో న్యూకాజిల్‌లో వెస్లీ 64 మందిని సంఘంలోంచి తీసేసి, ఎందుకో డైరీలో లెక్క రాసుకున్నాడు. తాగుడుకు 17 మంది, తగాదాలకు ముగ్గురు, అబద్ధాలకు ముగ్గురు, సోమరితనానికి ఒకరు. అందరికంటే ఎక్కువ, 29 మంది, భక్తిలో తేలికతనానికి, అజాగ్రత్తకు! ఈ చివరిదానికి తీసేయడం నాకు మింగుడుపడదు. చల్లారిపోయినవాడికే కదా ఆ పన్నెండుమంది అవసరం?

భార్యను కొట్టినందుకు మాత్రం ఒక్కడే. ఎనిమిది వందలకు పైగా మిగిలిన సంఘంలో ఒక్కడేనా? నాకు నమ్మబుద్ధి కాదు. ఆ ఒక్కడి సంగతి పైకి తెచ్చింది ఆ భార్యో, పొరుగింటివాళ్లో, క్లాసు నాయకుడో ఆ లెక్కలో లేదు.